బంగళా లేని ఊరి నుంచి చూస్తే

ఉత్తర కోస్తా బాప్టిస్టు సంఘాల చరిత్ర ఎవరు రాసినా అది మిషనరీ బంగళాల వెంటే నడుస్తుంది. కాకినాడ, తుని, ఎలమంచిలి, భీమిలి, విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట. కెనడా దొరలు ఎక్కడ కాపురం పెట్టారో అక్కడొక అధ్యాయం మొదలవుతుంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలోను, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోను ఉన్న మా చోడవరం పేరు ఆ మిషన్ కేంద్రాల వరసలో కనిపించదు. అందుచేత ఇక్కడ రాయదగిన క్రైస్తవ చరిత్రే లేదనుకునేవాళ్లున్నారు. నాకు తోచేది వేరు. ఒక ప్రాంతీయ సంఘ సమాఖ్య తాను పెట్టుకున్న లక్ష్యాల దారిలో ఎంత దూరం వచ్చిందో తేల్చడానికి బంగళా ఉన్న ఊరి సాక్ష్యం పనికిరాదు. అక్కడ సంఘం ఏం చేసిందో, కెనడా డబ్బు ఏం చేసిందో విడదీసి చెప్పడం కష్టం. దొర ఎన్నడూ కాపురం ఉండని చోట ఏం నిలిచిందో చూస్తే లెక్క సరిగ్గా తేలుతుంది.

ముందు ఆ లక్ష్యాలేమిటో చెప్పుకోవాలి. 19వ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ ఎవరికి వారుగా ఒకే నిర్ణయానికి వచ్చారు. మిషన్ శాశ్వతంగా ఉండిపోయేది కాదు. సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన వ్యవహారాలు తానే చూసుకోవాలి, సువార్తను పొరుగూరికి తానే తీసుకెళ్లాలి. ఆ మూడూ కుదిరిన నాడు మిషనరీ సెలవు తీసుకోవాలి. తెలుగునాట పనిచేసిన ప్రొటెస్టంటు మిషన్లు చాలావరకు ఈ మూడింటినీ ఏదో ఒక రూపంలో ఒప్పుకున్నాయి. కెనడియన్ బాప్టిస్టు మిషన్ నుంచి పుట్టి, స్వాతంత్ర్యం వచ్చిన కాలానికి తన కాళ్లమీద నిలబడి, కాకినాడ కేంద్రంగా నడుస్తున్న ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్‌కు, అంటే మనం సీబీసీఎన్‌సీ అనేదానికి, వారసత్వంగా వచ్చినవీ ఇవే. వీటిలో సువార్త వ్యాప్తి అన్నిటికంటే ముందు నెరవేరిందని, అదీ తెలుగువాళ్ల చేతుల మీదుగానే జరిగిందని నా వాదన. స్వయంపాలన కాగితం మీద వచ్చింది. స్వయంపోషణ మాత్రం సగంలో ఆగింది. దాన్ని ఆపినది పేదరికమని అందరూ అంటారు. నేను ఒప్పుకోను.

చోడవరానికి బంగళా ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు మ్యాపులోనే ఉంది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్ద రోడ్డు, 1893లో బెజవాడ నుంచి వాల్తేరు దాకా తెరిచిన రైలుమార్గం రెండూ తుని, ఎలమంచిలి, అనకాపల్లి మీదుగా పోతాయి. మేం అనకాపల్లి నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు లోపలికి, శారదా నది పరివాహకంలో, మాడుగుల కొండలకు వెళ్లే దారిలో ఉన్నాం. ఓడరేవులో దిగిన సామాను, తపాలా, వైద్యుడు, జీతం సొమ్ము అన్నీ పెద్ద రోడ్డు వెంటే నడుస్తాయి కాబట్టి బంగళాలూ అక్కడే లేచాయి. దీనికి మిషన్ల మధ్య ఎల్లల ఒప్పందం తోడైంది. విశాఖపట్నంలో 1805 నుంచీ లండన్ మిషన్ ఉండేది. కనుమల అవతల జయపురం వైపు 1882 నుంచి జర్మన్ లూథరన్లు పనిచేశారు. కోస్తా వెంబడి కెనడావాళ్లు. ఒకరి పొలిమేరలోకి మరొకరు రాకూడదన్న ఆ మర్యాద గొడవల్ని తగ్గించిన మాట నిజమే. కానీ పొలిమేర చివర ఉన్న ఊళ్లకు దాని ఫలితం ఒకటే, ఎవరి లెక్కలోనూ అవి ముందు వరసలో ఉండవు. లండన్ మిషన్ తర్వాత తన విశాఖ పనిని కెనడా బాప్టిస్టులకే అప్పగించింది. అప్పటికి వందేళ్లు గడిచిపోయాయి.

ఇక వ్యాప్తి సంగతి. ఈ ప్రాంతంలో సువార్తను దొరలు తెచ్చారన్నది సగం నిజమే. విశాఖలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ తెలుగు నేర్చుకుని సువార్తల్ని అనువదించడానికి పూనుకున్నప్పుడు వాళ్ల పక్కన కూర్చుని పనిచేసినవాడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. వాటిలో ఎవరి కష్టం ఎంతో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. కాకినాడ కథ మరీ స్పష్టం. అక్కడ బాప్టిస్టు పని మొదలుపెట్టింది తంతి శాఖలో కొలువు వదులుకుని వచ్చిన థామస్ గాబ్రియేల్. చేతిలో ఉన్నదంతా ఖర్చు పెట్టి, అప్పుల పాలై, ఇక నడవదని తెలిశాక కెనడావాళ్లకు కబురు పెట్టాడు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టులతో కలిసి దక్షిణాన పనిచేస్తున్న జాన్ మెక్లారిన్ 1874 మార్చి 12న కాకినాడ చేరాడు. గాబ్రియేల్ 1875 మొదట్లోనే కన్నుమూశాడు. కన్వెన్షన్ తన ఏళ్లు 1874 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అంటే మెక్లారిన్ రాక నుంచి. నన్నడిగితే ఆ లెక్క గాబ్రియేల్ నుంచి మొదలవ్వాలి. ఎందుకంటే ఈ సమాఖ్య బలం, బలహీనత రెండూ ఆయన కథలోనే ఉన్నాయి. ఊరూరా తిరిగి చెప్పేవాడు మొదటి రోజు నుంచే ఉన్నాడు. వాడికి అన్నం పెట్టే ఏర్పాటు మొదటి రోజు నుంచే లేదు.

గాబ్రియేల్ తర్వాత కూడా పల్లెల్లోకి వెళ్లింది ఉపదేశులు, బైబిలు స్త్రీలు, పండగలకూ పెళ్లిళ్లకూ చుట్టరికం మీద ఊరు దాటి వెళ్లిన మామూలు విశ్వాసులు. మెక్లారిన్ 1882లో సామర్లకోటలో వేదపాఠశాల పెట్టింది ఈ మనుషుల్ని తయారు చేయడానికే. దొర చలికాలంలో గుడారాలు వేసుకుని ఒకసారి చుట్టి వచ్చేవాడు. మిగతా నెలలన్నీ వీళ్లవే. ఒంగోలు దగ్గర 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నట్లు మన వైపు జరగలేదు. కొల్లేటి చుట్టుపక్కల ఆకివీడు, వుయ్యూరు వైపు కొంత ఉధృతి కనిపించినా విశాఖ జిల్లా చెరకు పల్లెల్లో సంఘం ఒక్కో కుటుంబంగానే పెరిగింది. పాటల విషయంలోనూ అంతే. పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు, కన్వెన్షన్ కాపరి ఏ.బి. మాసిలామణి పాటలు శాఖా భేదం లేకుండా తెలుగు క్రైస్తవులందరి నోళ్లలో ఉన్నాయి. ఏ బంగళా పంపిన కరపత్రమూ అంత దూరం వెళ్లలేదు.

ఇక్కడ వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. కెనడా సొమ్ము లేకపోతే ఆసుపత్రులెక్కడివి, బడులెక్కడివి? సోంపేటలో డాక్టర్ బెన్ గల్లిసన్ కంటి వైద్యం చూడండి. ఆయన మాట విని కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ 1963లో మొదలుపెట్టిన ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించింది. ఉత్తరాంధ్రలో పేదవాడికి ఆడపిల్ల చదువు, కుష్ఠు వైద్యం, ప్రసూతి సాయం అందిన తొలి చోట్లలో ఈ కాంపౌండ్లు ఉన్నాయి. ఆ మేలును తక్కువ చేసేవాడు కృతఘ్నుడే. అయితే ఆ సొమ్ము ఎలా పోగైందో కూడా చూడాలి. 1870లో నోవా స్కోషియాలో హన్నా మరియా నోరిస్ అనే యువతిని బర్మా పంపడానికి బోర్డు దగ్గర డబ్బు లేకపోయింది. ఆమె ఊరూరా తిరిగి ఆడవాళ్లతో సహాయ సమాజాలు పెట్టించింది. అట్లాంటిక్ తీరపు కెనడా సంఘాల మిషన్ పనికి ఆ చిన్న చిన్న చందాలే పెద్ద ఆధారమయ్యాయి. ఆ సంఘాల మిషనరీలు ముందు సయాం వెళ్లి, 1875లో తెలుగువాళ్ల దగ్గరకు వచ్చి, భీమిలి, బొబ్బిలి వైపు స్థిరపడ్డారు. అంటే బంగళాలు కట్టినదీ పల్లెటూరి ఆడవాళ్ల కానుకలే. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదని అడగడంలో తప్పులేదు. కెనడా రైతుకూ మా కూలీకీ పోలికేమిటంటారా? సరే, మిజోరంను చూడండి. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘంలో 1910 ప్రాంతం నుంచి వంట చేసేముందు ప్రతి ఇల్లాలూ గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది. ఆ బియ్యం సొమ్ము ఆసరాతో వాళ్లు ఇతర రాష్ట్రాలకు మిషనరీల్ని పంపుతున్నారు. మొదలుపెట్టిన నాడు మిజోలు మనకంటే ధనవంతులేం కారు. మిజోరం దాదాపు అంతా క్రైస్తవమే కదా అన్న తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ గుప్పెడు బియ్యం లెక్క ఇంటి లెక్క. ఊళ్లో పది ఇళ్లున్నా అది నడుస్తుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలుతూ వచ్చిన రైతు ఇంట్లోనైనా, చెరకు కొట్టే కూలీ ఇంట్లోనైనా కోతల పండగ కానుక ఆగిన దాఖలా లేదు.

మరి స్వయంపోషణ ఎక్కడ ఆగింది? ఆస్తి దగ్గర. బంగళా, కాంపౌండు, బోర్డింగ్ స్కూలు, ఆసుపత్రి ఇవన్నీ బయటి ఆదాయం మీద నడిచేలా కట్టినవి. ఆ ఆదాయం తగ్గాక వాటి పోషణ భారం సంఘాల మీద పడింది. మరోవైపు పట్నం పెరిగి వాటి కింద ఉన్న భూమి బంగారమైంది. విశాఖ నడిబొడ్డున సీబీఎం కాంపౌండ్ అన్నది ఇవాళ ఒక పేట పేరు. అలాంటి చోట గజం ధర ఎంతో అందరికీ తెలుసు. దాంతో సమాఖ్య రాజకీయం ఆస్తుల చుట్టూ తిరగడం మొదలైంది. ఎన్నికలు, పోటీ కమిటీలు, కోర్టు వ్యాజ్యాలు తెలుగునాట ఈ ఒక్క సమాఖ్యకే పరిమితం కాలేదు. మిషన్ ఆస్తులు సంక్రమించిన ప్రతి శాఖలోనూ ఇదే తంతు. నాయకుల్ని తెలుగువాళ్లే ఎన్నుకుంటున్నారు కాబట్టి స్వయంపాలన వచ్చిందని అనొచ్చు. ఆ ఓటు సంఘ కాపరి జీతం గురించి కాకుండా కాంపౌండు తాళం చెవుల గురించి పడుతున్నప్పుడు దాన్ని పాలన అనడానికి నా మనసు ఒప్పదు. ఏ కాంపౌండూ లేని పల్లె సంఘంలో ఈ జబ్బు తక్కువ. అక్కడ కాపరిని ఉంచుకోవాలంటే కానుకల పెట్టె తప్ప మరో దారి లేదు. అందుకే నా దృష్టిలో స్వయంపోషణకు కాస్తో కూస్తో దగ్గరగా వచ్చింది ఆ సంఘాలే.

జనాభా లెక్కలు చూపించి ఈ వాదనంతా కొట్టిపారేసేవాళ్లుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2001లో 1.55, 2011లో 1.34. పడిపోతున్న సంఘానికి లక్ష్యాల ప్రగతి ఏమిటని వాళ్ల ప్రశ్న. ఈ అంకెల వెనక ఒక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులం హోదా పోతుంది. ఆ తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో మినహాయింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సీ కింద దక్కింది ఒక శాతం రిజర్వేషన్. హాస్టలు సీటు, ఉద్యోగం, ఇంటి స్థలం ఇవన్నీ విలువైనవి అవుతున్నకొద్దీ కాగితం మీద ఏ మతం రాయించాలో కుటుంబాలు లెక్క చూసుకున్నాయి. 1971 తర్వాతే ఈ పతనం ఎందుకు కొట్టొచ్చినట్లు కనిపిస్తుందో దీంతో చాలావరకు అర్థమవుతుంది. ఆదివారం గుడిలో కూర్చున్నవాళ్ల సంఖ్యకూ జనగణన అంకెకూ పొంతన కుదరదు. కాబట్టి ఆ అంకెలతో సంఘాన్ని ఓడించనూ లేం, గెలిపించనూ లేం.

దీనికంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. గత కొన్ని దశాబ్దాలుగా చోడవరం, మాడుగుల, రావికమతం రోడ్ల వెంట రేకుల షెడ్లలో లేచిన స్వతంత్ర ప్రార్థనా మందిరాలు ఏ కన్వెన్షన్ లేకుండానే మూడు లక్ష్యాలూ సాధించాయి కదా అంటారు. తమ ఖర్చు తామే పెట్టుకుంటున్నారు, తామే నడుపుకుంటున్నారు, తామే విస్తరిస్తున్నారు. పైకి చూస్తే నిజమే. కానీ అక్కడ పోషణా పాలనా రెండూ తరచు ఒక పాస్టరు గారి కుటుంబం చేతిలో ఉంటాయి. సంఘం ఆస్తి ఆయన పేరు మీద, వారసత్వం ఆయన కొడుకు మీద. బాప్టిస్టు పద్ధతిలో సభ్యులంతా కూర్చుని కాపరిని పిలుచుకోవడం, లెక్క అప్పజెప్పమని అడగడం, అవసరమైతే సాగనంపడం ఉంటుంది. ఆ హక్కు రికార్డులోనైనా మిగిలి ఉండడమే కన్వెన్షన్ ఇప్పటికీ ఇవ్వగలిగిన గొప్ప వస్తువు. వాడకపోతే అదీ తుప్పు పడుతుంది.

ఇక మళ్లీ విదేశీ సొమ్ము వైపు చూసే దారిని ప్రభుత్వమే ఇరుకు చేసింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది, 2010లో కొత్త రూపం తీసుకుంది, 2020 సవరణతో ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు మళ్లించడం నిషిద్ధమైంది. దీన్ని కొందరు హింస అంటారు, కొందరు క్రమశిక్షణ అంటారు. ఆ తగువు నా వ్యాసానికి అక్కర్లేదు. వెన్, ఆండర్సన్ కోరుకున్నది, గాబ్రియేల్ చేయబోయి అప్పుల్లో మునిగినది ఇప్పుడు దాదాపు తప్పనిసరి అయింది. దానికి సిద్ధంగా ఉన్న సంఘాలేవో తెలియాలంటే పల్లెవారీ లెక్కలు కావాలి. ఏ ఏడాది ఎవరు బాప్తిస్మం తీసుకున్నారు, కాపరికి నెలకు ఎంత ఇచ్చారు, అందులో సంఘం ఇచ్చినదెంత, మిషన్ ఇచ్చినదెంత. ఇవి ఉండేది ఊరి సంఘాల పాత బాప్తిస్మ రిజిస్టర్లలో, కానుకల పుస్తకాలలో, డీకన్ల సమావేశ మినిట్సులో. చెదలకూ వానకూ వదిలేస్తే అవి ఇంకో తరం నిలవవు. కన్వెన్షన్ పెద్దలు కాంపౌండుల దస్తావేజుల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు ఈ రిజిస్టర్ల మీద పెట్టాలి. చోడవరం, బుచ్చయ్యపేట, రావికమతం, మాడుగుల మండలాల్లో ఎవరి ఇంటి పెట్టెలోనైనా అలాంటి పుస్తకం ఉంటే, దయచేసి దాన్ని పారేయకుండా ఫోనుతోనైనా పేజీ పేజీ ఫోటో తీసి ఒక నకలు మీ సంఘ కాపరికి, ఇంకో నకలు ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.