అజ్నబీ రోష్నీ: జినాన్ హెడ్‌లైట్ తారీఖ్

రాత్రిళ్లు పికప్ నడిపే భాయీలకు జినాన్ కిట్ అంటే ఓ మోజు. రెండు బల్బులు, రెండు చిన్న డబ్బాలు, కాస్త వైరు. మిస్త్రీ గంటలో బిగించేస్తాడు, బండి ముందు పట్టపగలైపోతుంది. మరి ఎదురుగా వచ్చేవాడి సంగతి? హెడ్‌లైట్ తారీఖ్ మొత్తం ఈ ఒక్క సవాల్ చుట్టూనే తిరిగింది.

ముందు అద్దం సంగతి చూద్దాం. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్ పేరు మనలో చాలామంది విన్నదే. కితాబుల్ మనాజిర్ రాసిన ఆ ఆలిమ్, సూర్యకిరణాలను ఒకే చుక్క దగ్గరికి చేర్చే పరావలయపు అద్దాల మీద కూడా ఒక రిసాలా రాశాడు. అంతకుముందే గ్రీకులకు తెలిసిన ఆ ఇల్మ్‌ను ఆయన ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. హెడ్‌లైట్‌లో జరిగేది దానికి ఉల్టా. ఆ చుక్క దగ్గర దీపం పెడితే వెలుగు తిన్నగా ముందుకు పోతుంది. దీపం కొన్ని మిల్లీమీటర్లు జరిగినా కిరణం దారి తప్పుతుంది. అంటే దీపానిదీ అద్దానిదీ విడదీయరాని జోడీ.

తొలి మోటారు కార్లకు కార్బైడ్ దీపాలుండేవి. మనవైపు మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడే అది. దాని మీద నీటి చుక్కలు పడితే పుట్టే గ్యాసును వెలిగించేవారు. 1912లో కాడిలాక్ కారు కరెంటు దీపాలతో, కరెంటు స్టార్టర్‌తో వచ్చింది. 1940 నుంచి అమెరికాలో అద్దం, ఫిలమెంటు, గాజు ఒకే ముక్కగా మూసేసిన సీల్డ్ బీమ్ లైట్లే ఖాయమయ్యాయి. జోడీ చెదరకుండా అదో బందోబస్తు. 1962లో యూరప్‌లో హాలోజన్ బల్బు వచ్చింది. 1971లో వచ్చిన హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు, ఒకటి హైబీమ్‌కు, ఒకటి లోబీమ్‌కు. లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది. ఎదుటివాడి కళ్లలోకి ఎగిరే వెలుగును ఆపేది ఆ దొన్నే.

ఇక జినాన్. 1898లో లండన్‌లో రామ్సే, ట్రావర్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఈ గ్యాసును కనిపెట్టారు. కోటి పాళ్ల గాలిలో ఇది ఒక్క పాలు కూడా ఉండదు. అందుకేనేమో, గ్రీకులో అజ్నబీ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారుతో ఇది రోడ్డెక్కింది. ఇందులో ఫిలమెంటు లేదు. బల్బు వెలగడానికి ముందు 20 వేల వోల్టులకు పైగా ఒక దెబ్బ కావాలి. కిట్‌లో వచ్చే డబ్బాల పని అదే. వెలిగాక కరెంటును అదుపులో ఉంచేదీ అవే. హెచ్4 లోబీమ్ 55 వాట్లు తిని సుమారు 1,000 ల్యూమెన్ల వెలుగిస్తే, కార్లలో వచ్చే డీ2ఎస్ జినాన్ బల్బు 35 వాట్లకే సుమారు 3,200 ఇస్తుంది.

ఇంత తాకత్ ఉన్నదాన్ని యూరప్ షర్తులు లేకుండా వదల్లేదు. లోబీమ్ బల్బు 2,000 ల్యూమెన్లు దాటితే లైటు ఎత్తు దానంతటదే సర్దుకోవాలి, అద్దం కడిగే ఏర్పాటు ఉండాలి అని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో రాసుకున్నారు. హాలోజన్ కోసం చేసిన హెడ్‌లైట్‌లో జినాన్ కిట్ పెట్టడం నిబంధనలకు ఒప్పదని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ తేల్చి చెప్పింది.

కారణం తెలిసిందే. హెచ్4 అద్దం ఆ ఫిలమెంటు కోసం, ఆ దొన్నె కోసం కొలిచి చేసింది. అక్కడ జినాన్ మెరుపు కూర్చుంటే రూపం వేరు, జాగా వేరు. వెలుగు చెల్లాచెదురవుతుంది. బండి దగ్గరి రోడ్డు తెల్లగా మెరుస్తుంది కాబట్టి డ్రైవరుకు బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది. కానీ కళ్లు ఆ తెలుపుకు అలవాటుపడి, దూరాన చీకట్లో ఉన్నది ఇంకా తక్కువ కనిపిస్తుంది. నీలంగా మెరిసే బల్బులైతే మరీ నుక్సాన్. నీలం పెరిగేకొద్దీ అసలు వెలుగు తగ్గుతుంది.

పికప్‌కు ఇంకో ముసీబత్ ఉంది. వెనక టమాటా ట్రేలో సిమెంటు బస్తాలో పడితే వెనక పట్టీలు కుంగి ముక్కు పైకి లేస్తుంది. లోబీమ్ కూడా తిన్నగా ఎదుటివాడి ముఖం మీదకే. ఒకప్పుడు మన రోడ్ల మీద హెడ్‌లైట్ పై భాగానికి నల్ల రంగు పూసేవారు, గుర్తుందా? ఆ బాధ ఎరిగినవాళ్లు పెట్టుకున్న పర్దా అది.

వెలుగు నిజంగా చాలకపోతే ముందు పసుపెక్కిన ప్లాస్టిక్ గ్లాసు రుద్దించండి. బల్బు దాకా మందపాటి వైరు, రిలే వేయించండి. వోల్టేజీ కాస్త తగ్గినా హాలోజన్ చాలా మసకబారుతుంది. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి గోడ ముందు నిలిపి లైటు ఎత్తు చూసుకోండి. జినానే కావాలంటే దాని కోసమే చేసిన ప్రొజెక్టర్ లైటు మొత్తంగా, చట్టం ఒప్పుకునేది మాత్రమే పెట్టించండి. అప్పుడు కూడా లోడును బట్టి ఎత్తు సర్దే ఏర్పాటు తప్పనిసరి.

ఎదురుగా వచ్చేది భార్యాపిల్లల్ని ఎక్కించుకున్న బైకు కావచ్చు. ఆ రెండు మూడు సెకన్లు అతను రోడ్డును చూడడు, మన లైటునే చూస్తాడు. రోడ్డు కనిపించడం మనకెంత హక్కో, అతనికీ అంతే.