ప్రొస్టేట్ కేన్సర్: హార్మోన్ నుంచి గ్రాహకం దాకా

గోరంట్ల చుట్టుపక్కల రైతులకు కోడెదూడకు విత్తులు కొట్టి ఎద్దును చేయడం తరతరాలుగా తెలిసిన పని. దూడ పొగరు తగ్గి కాడికి అలవాటు పడుతుంది. పైకి కనిపించేది అంతే. లోపల మూత్రాశయం కింద ఉన్న ప్రొస్టేట్ గ్రంథి కూడా ఎదగడం మానేస్తుంది. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఈ సంగతిని 1786లోనే రాశాడు. ప్రొస్టేట్ కేన్సర్ వైద్యానికి మూలం అదే.

ఆ గ్రంథిని పెంచేది టెస్టోస్టిరాన్ అనే హార్మోన్. దాన్ని 1935లో వేరుచేశారు. 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ వృషణాలు తొలగిస్తే ముదిరిన ప్రొస్టేట్ కేన్సర్ కూడా వెనకడుగు వేస్తుందని చూపించారు. జబ్బు ఎముకలకు పాకిన రోగుల్లో నొప్పి తగ్గింది. కేన్సర్ కణం దేనికీ లొంగదని నమ్మే రోజుల్లో ఇది చాలా పెద్ద మాట. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది.

కానీ హార్మోన్ రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది కదా, ప్రొస్టేట్‌నే అంతగా ఎందుకు పెంచుతుంది? జవాబు 1960ల చివర్లో దొరికింది. పరిశోధకులు బ్రుకోవ్‌స్కీ, జీన్ విల్సన్ ఒకవైపు, షికాగోలోనే షుట్‌సుంగ్ లియావో మరోవైపు పట్టుకున్నారు. ప్రొస్టేట్ కణంలో టెస్టోస్టిరాన్ మరింత బలమైన రూపంలోకి మారుతుంది. అక్కడున్న ఒక ప్రొటీన్ దాన్ని అందుకుంటుంది. అదే ఆండ్రోజన్ గ్రాహకం. హార్మోన్ అంటుకోగానే అది కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుని, కణాన్ని పెంచే జన్యువులను లేపుతుంది. అలా లేచే జన్యువుల్లో పీఎస్ఏ అనే ప్రొటీన్‌ది కూడా ఒకటి. మన ఊరి ల్యాబులో రక్తం తీసి చూసే పీఎస్ఏ అంకె చాలావరకు ఆ గ్రాహకం చేసే పనికి లెక్కే. ఈ గ్రాహకం జన్యువును 1988లో గుర్తించారు. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అంటే ప్రతి మగవాడికీ తల్లి నుంచే వస్తుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. హార్మోన్ తగ్గించాక కొన్నేళ్లు బాగున్న రోగికి జబ్బు తిరగబెట్టేది. ఇక ఆ కేన్సర్‌కు హార్మోన్‌తో పనిలేదని వైద్యులు అనుకున్నారు. 2004లో పరిశోధకుడు చార్లెస్ సాయర్స్ బృందం దాన్ని తలకిందులు చేసింది. నీళ్లు కరువైనప్పుడు ట్యాంకర్ దగ్గర బిందెలు పెరిగినట్టు, హార్మోన్ తగ్గేకొద్దీ కేన్సర్ కణం గ్రాహకాలను పెంచుకుంటోంది! మిగిలిన చుక్కనూ వదలడం లేదు. గ్రాహకాన్ని అడ్డుకోవాల్సిన పాత మందు కూడా అప్పుడు కణాన్ని ఉసిగొల్పుతోంది. చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ మలుపే. దీన్నుంచే గ్రాహకాన్ని గట్టిగా అడ్డుకునే ఎంజాలుటమైడ్ అనే మందు పుట్టింది, 2012లో అమెరికాలో అనుమతి పొందింది. అంతకు ఏడాది ముందే అడ్రినల్ గ్రంథుల్లోనూ కణితిలోనూ హార్మోన్ తయారీని ఆపే అబిరాటిరోన్ వచ్చింది. హార్మోన్ అంటుకునే భాగమే లేని పొట్టి గ్రాహకాలతో ఈ మందులనూ కొన్ని కేన్సర్లు తప్పించుకుంటున్నాయని 2014లో తేలింది.

ఎంజాలుటమైడ్‌పై పేటెంట్ దరఖాస్తును మన పేటెంట్ కార్యాలయం 2016లో తిరస్కరించింది. అబిరాటిరోన్ జనరిక్‌ను హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి. అయినా నెలనెలా కొనడం వేరుశనగ రైతుకు భారమే. అందుకే హగ్గిన్స్ నాటి ఆపరేషన్‌కు ఇప్పటికీ విలువుంది. వృషణాలు తీయడం ఒక్కసారి ఖర్చు, హార్మోన్ తగ్గించడంలో నెలల తరబడి వేయించుకునే ఇంజెక్షన్లకు ఏమాత్రం తీసిపోదు. సిగ్గుతో, పరువు భయంతో దాన్ని కాదనుకునేవాళ్లున్నారు. ఇంట్లో పెద్దాయన రాత్రిళ్లు పదేపదే ఒంటికి లేస్తున్నా, నడుమూ తుంటీ వదలకుండా నొస్తున్నా ముసలితనమని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి, పీఎస్ఏ అవసరమా అని అడగండి. బెంగళూరు కిద్వాయ్ కేన్సర్ ఆసుపత్రికో, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో వెళ్తే ఆపరేషనా, ఇంజెక్షనా, ఏది ఎందుకు అని నోరు తెరిచి అడిగి తెలుసుకోండి.