కొండ దారి, జీపు చక్రం: ఉప్పల్, నాచారం షెడ్ల దాకా ఒక చరిత్ర

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్ చౌరస్తా మన ఏజెన్సీకి ఒక గుమ్మం. అక్కడ మొదలైన రోడ్డు భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు దాటి, తాడ్వాయి అడవిలోంచి ఏటూరునాగారం చేరుతుంది. ముల్లకట్ట దగ్గర గోదావరి దాటి, వాజేడు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. పాత లెక్కలో అది 202వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 163. మేడారం జాతరకు పోయే జనం, ఊరికి పోయే హాస్టల్ పిల్లలు, పని కోసం పట్నం వచ్చే కూలీలు అందరూ ఈ చౌరస్తా తొక్కినవాళ్ళే.

ఆ చౌరస్తాకు ఉత్తరాన నాచారం, చుట్టుపక్కల ఉప్పల్ పారిశ్రామిక వాడ ఉన్నాయి. లేత్ మిషన్లు, వెల్డింగ్ షాపులు, రేకు పని షెడ్లు వరుసగా కనిపిస్తాయి. పెద్ద ఫ్యాక్టరీల నీడలో బతికే ఈ చిన్న షెడ్లలో ఇనుమును కోసి, వంచి, అతికించి కావలసిన రూపానికి తెచ్చే పనివాళ్ళున్నారు. నాలుగు చక్రాలూ తిరిగే బండిని బురదకూ, రాళ్ళకూ, వాగులకూ తగినట్టు మార్చడం కూడా ఇలాంటి పనే. నగరంలో ఇప్పుడు డబ్బున్న కుర్రాళ్ళకు అది సరదా. కానీ దారిలేని చోటుకు బండి నడపడం అనేది మన జీవితంలోంచి పుట్టిన అవసరం. ఆ బండి మన కొండల్లోకి ఎవరికోసం వచ్చింది, ఎవరు దాన్ని మార్చుకున్నారు అన్నది మనం రాసుకోవలసిన చరిత్ర.

దారి ముందు వచ్చింది, బండి తర్వాత

కొండల్లో రోడ్డు వేయడం మనకు ఎప్పుడూ మామూలు సంగతి కాలేదు. 1922లో గూడెం కొండల్లో జరిగింది గుర్తుచేసుకుందాం. నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో బలవంతంగా పని చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు. పోడు మీద అడవి చట్టాల ఆంక్షలు, ముఠాదారుల హక్కుల కోత అప్పటికే ఉన్నాయి. ఆ కోపానికి అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర నాయకత్వం దొరికింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. పాఠ్యపుస్తకంలో ఈ తేదీలు చెబుతాం. ఆ పోరాటానికి ఒక మూలం రోడ్డు పని అని కూడా పిల్లలకు చెప్పాలి. ఆ దారి మన చేతులతో పడింది, కానీ మన కోసం పడలేదు.

1940లో ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం అమరుడయ్యాడు. అదే ఏడాది భూమికి అవతలి వైపున, అమెరికా సైన్యం అడిగిన మీదట బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక తేలికపాటి బండిని తయారుచేసింది. జీపుకు అదే తొలి నమూనా. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. ఈ రెండు సంఘటనలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా పది పదిహేనేళ్ళు తిరగకముందే ఆ బండి మన అడవుల్లోకి వచ్చేసింది.

యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న జీపులు మన దేశంలో చేతులు మారాయి. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం ప్రారంభించింది. కలెక్టరు, తహసీల్దారు, పోలీసు, ఫారెస్టు రేంజరు, కాంట్రాక్టరు, అందరి కింద జీపే. గూడెంలో జీపు చప్పుడు వినబడితే పిల్లలు పరుగెత్తుకొచ్చేవాళ్ళు, పెద్దలు చెట్ల చాటుకు తప్పుకునేవాళ్ళు అని మా పెద్దలు చెప్పేవారు. పోడు కేసుకా, శిస్తుకా, అప్పు వసూలుకా, ఎందుకొచ్చిందో తెలిసేదాకా గుండె దడే. పిల్లలకు యంత్రంగా కనిపించింది పెద్దలకు అధికారంగా కనిపించింది.

ఆ బండిలో ఏముంది?

కారు ఆగిపోయిన చోట జీపు ఎలా పోగలిగింది? ఇది బడిలో లెక్కగా చెప్పదగిన విషయం. పాత విల్లీస్ జీపు బరువు సుమారు 1100 కిలోలు, ఇంజను బలం 60 గుర్రాలు. ఇవాళ్టి చిన్న కారుకు కూడా అంతకంటే ఎక్కువ బలం ఉంటుంది. తేడా ఇంజనులో లేదు, గేర్లలో ఉంది. దాని మొదటి గేరు ఇంజను తిప్పుడు బలాన్ని సుమారు 2.67 రెట్లు చేస్తుంది. పక్కనున్న రెండో పెట్టెలో ‘లో’ గేరు వేస్తే మరో 1.97 రెట్లు. ఇరుసు దగ్గర మళ్ళీ 4.88 రెట్లు. ఈ మూడూ గుణించి చూడండి, దాదాపు 26 వస్తుంది. అంటే ఇంజను 26 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం పోయింది, బలం వచ్చింది. గడ్డపార చివర పట్టుకుని బండరాయి లేపే మన తాతలకు ఈ సూత్రం తెలుసు. చెయ్యి ఎక్కువ దూరం కదులుతుంది, రాయి కొంచెమే లేస్తుంది.

రెండో గుట్టు, ముందు చక్రాలు కూడా లాగడం. వెనక చక్రాలు మాత్రమే తోస్తే బురదలో ముందు చక్రం అడ్డుగోడలా మారుతుంది. అవి కూడా తిరిగితే గట్టు మీదికి పాక్కుంటూ ఎక్కుతాయి. అయినా ఒక చిక్కు మిగులుతుంది. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కనుక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ పెడతారు. రోడ్డు మీద అది మేలే. కానీ ఒక చక్రం గాలిలోకి లేచినా, బురదలో జారినా, బలం వృథాగా ఆ చక్రంలోంచే పోతుంది. నేల మీదున్న చక్రం కదలదు. అందుకే గట్టి కొండదారుల కోసం డిఫరెన్షియల్ లాక్ వేయిస్తారు. అది వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. తారు రోడ్డు మీదికి రాగానే తీసేయాలి, లేకపోతే బండి మలుపు తిరగదు, ఇరుసు విరుగుతుంది.

షెడ్డులో జరిగే పని

బండిని దారిలేని దారికి సిద్ధం చేసే క్రమం ఒకటి ఉంది. తెలిసిన మేస్త్రీ మొదట టైర్లు చూస్తాడు. లోతైన గాళ్ళున్న టైరు వేయిస్తాడు. బురదలో, ఇసుకలో 30 పాయింట్ల గాలిని 18 దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. ఖర్చు లేని మార్పు ఇది. రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి నింపడం మాత్రం మరవకూడదు. తర్వాత బండి కడుపు కింద ఇంజను ఆయిల్ పెట్టెకూ గేరు పెట్టెకూ మందపాటి రేకు పలక బిగిస్తాడు. రాయి తగిలి ఆయిల్ కారిపోతే అడవి మధ్య బండి ఇనుప ముద్దే.

వాగు దాటే బండికి గాలి పీల్చే గొట్టాన్ని అద్దం ఎత్తుకు పెంచుతారు. ఇంజనులోకి నీళ్ళు పోతే గాలిలా అవి అణగవు. పిస్టన్ వాటిని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బంపరుకు ఇనుప తాడు చుట్టిన వించి బిగిస్తే, చెట్టుకో బండకో కట్టి బండి తనను తాను లాక్కుంటుంది. కమాన్ పట్టీలు మార్చి బండి ఎత్తు పెంచడం అందరి కంటా పడే మార్పు, కానీ ప్రమాదం కూడా అందులోనే ఎక్కువ. ఎత్తు పెరిగితే గరిమనాభి పైకి పోతుంది. పక్క వాలులో బండి తొందరగా బోల్తా పడుతుంది. బ్రేకు గొట్టాలు, స్టీరింగు కడ్డీలు కూడా ఆ ఎత్తుకు తగ్గట్టు మారాలి. అందం కోసం ఎత్తు పెంచేవాడికీ అవసరం కోసం టైరు మార్చేవాడికీ తేడా ఘాట్ రోడ్డులో తెలుస్తుంది.

ఈ మార్పులకు చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష, లేదా రెండూ పడవచ్చని చేర్చారు. వికలాంగుల అవసరానికి చేసే మార్పులకు చట్టం దారి ఇచ్చింది. షెడ్డులో పని నేర్చుకునే మన పిల్లలు స్పానరుతో పాటు ఈ సెక్షన్ కూడా తెలుసుకోవాలి. నష్టం వచ్చినప్పుడు మొదట దొరికేది చిన్నవాడే.

మనవాళ్ళు చేసిన మార్పు

నగరం దీన్ని మార్పులు చేసిన బండి అని కొత్తగా పిలుస్తోంది. పాడేరు, అరకు, భద్రాచలం, ఉట్నూరు వైపు ఈ మార్పు ఎప్పుడో జరిగింది. బస్సు రాని చోట డీజిల్ జీపులే బస్సులయ్యాయి. వెనక బల్లలు పెరిగాయి, పైన క్యారియరు వచ్చింది, వెనక నిలబడటానికి మెట్టు వచ్చింది. పసుపు, చింతపండు, కోళ్ళు, సంతకు పోయే అవ్వలు, పరీక్షకు పోయే పిల్లలు అందరూ ఆ జీపులోనే. ఎనిమిది మందికి చేసిన బండిలో ఇరవై మంది. ఏ ఇంజనీరూ గీయని నమూనా అది, అవసరం గీసింది. దాని ధర కూడా మనమే కట్టాం. పైన బరువు పెరిగిన జీపు ఘాటు మలుపులో దొర్లితే పోయిన ప్రాణాలు మనవే. ఆ జీపుల మీద గొప్పలు చెప్పుకోవడం కంటే, బస్సు ఎందుకు రాలేదని అడగడం ముఖ్యం.

సర్వే బండ్లు

ఉప్పల్ రోడ్డులోనే మన చరిత్రతో కలిసే మరో సంగతి ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ రోడ్డు మీదే ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. దగ్గర్లోని బండ్లగూడలో భూగర్భ సర్వే సంస్థ శిక్షణ కేంద్రం ఉంది. భూమి పొరలు చదవడం, పటాలు గీయడం నేర్పే చోట్లు ఇవి. నీళ్ళ జాడ చెప్పేదీ, భూకంపం లెక్క తీసేదీ ఆ శాస్త్రమే. మన పిల్లలు అక్కడికి చేరాలని కోరుకుంటాను.

అయితే అడవిలోకి సర్వే జీపు వచ్చాక వెనకే ఏం వస్తుందో కూడా మనం చూశాం. విశాఖ మన్యంలో కొండల పైన బాక్సైట్, గోదావరి లోయలో బొగ్గు, నల్లమలలో యురేనియం. పటం మీద పడిన గుర్తు రేపు గనిగా మారవచ్చు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. 2019లో నల్లమలలో చెంచులు, చుట్టుపక్కల జనం యురేనియం వద్దని నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. బండి ఆపినవాళ్ళు కూడా మన చరిత్రలో ఉన్నారు.

డోలీకీ జీపుకీ మధ్య

ఇంకా డోలీ పోలేదు. నిండు గర్భిణిని కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకుని కొండ దిగే దృశ్యం ఇప్పటికీ పత్రికల్లో చూస్తున్నాం. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభా ఉన్న ఊళ్ళను, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉన్న ఊళ్ళను లెక్కలోకి తీసుకుంది. ఇరవై ఇళ్ళ గూడెం ఆ లెక్కకు అందదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం, ప్రత్యేకంగా వెనుకబడిన గిరిజన తెగల ఊళ్ళకు ఆ సంఖ్యను 100కు దించింది. వందకు తక్కువున్న గూడెం సంగతి ఏమిటి? అక్కడ కడుపుతో ఉన్న ఆడమనిషి కడుపుతో ఉన్న ఆడమనిషి కాదా?

నాలుగు చక్రాలూ తిరిగే బండి విలువ ఇక్కడ ఉంది. రోడ్డు వచ్చేదాకా ఆగలేని ప్రాణానికి అది కావాలి. కొన్ని ఏజెన్సీ మండలాల్లో దారి చాలని చోట బైకు అంబులెన్సులు తిరుగుతున్నాయి. బైకు పోలేని వాగులో, పడుకోబెట్టి తీసుకెళ్ళాల్సిన రోగికి, లో గేరున్న బండి కావాలి. ఆ బండిని నడపగల, విప్పి బిగించగల మనిషి ఆ ఊరివాడే కావాలి. వారాంతంలో పులుల అభయారణ్యం అంచున వాగులు చిందరవందర చేసే సరదాకు అంత ఇనుము ఖర్చవుతుంటే, కవ్వాల్ లోపలి గూడెంలో జ్వరం పడ్డ పిల్ల మంచం మీద మోతగా దిగాల్సి రావడం న్యాయం కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఐటీఐలో మెకానిక్ డీజిల్, ఫిట్టర్, వెల్డర్ కోర్సులను చదువు రానివాళ్ళ దారిగా చూడకండి. ఉప్పల్, నాచారం షెడ్లలో రెండేళ్ళు పనిచేసినవాడు ఊరికి తిరిగొచ్చి ఒక పాత జీపును నిలబెట్టగలిగితే, అతను ఆ లోయకు ఒక చిన్న ఆసుపత్రంత అవసరం. తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఎనిమిదో తరగతి నిష్పత్తుల పాఠానికి జీపు గేరు లెక్క చెప్పండి. మీ ఊళ్ళో మొదటి జీపు ఏ సంవత్సరం వచ్చింది, ఎవరిది, ఎందుకొచ్చింది అని పిల్లలతో పెద్దలను అడిగించి రాయించండి. పాత సర్వీసు జీపు డ్రైవర్లు ముసలివాళ్ళవుతున్నారు. ఏ మలుపులో ఏ రాయి ఉందో వాళ్ళకు తెలుసు. ఏ బండి ఎవరిని మోసిందో, ఎవరిని తీసుకెళ్ళి తిరిగి తేలేదో కూడా వాళ్ళకు తెలుసు. అది ఏ పటంలోనూ లేదు. వాళ్ళున్నప్పుడే రాసుకోవాలి.