బళ్లారిలో రాత్రి మజిలీ

1932 అక్టోబరు 15. అహ్మదాబాద్‌లో దిగిన ఓ చిన్న విమానం దగ్గరకు ఎడ్లబండి వచ్చింది. బండిలో బర్మా షెల్ వారి నాలుగు గ్యాలన్ల పెట్రోలు డబ్బాలు. వాటితో ట్యాంకు నింపాక విమానం మళ్లీ గాల్లోకి లేచింది.

నడుపుతున్నది 28 ఏళ్ల జె.ఆర్.డి. టాటా. ఆ పొద్దున ఆరున్నర దాటాక కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో బయల్దేరారు. ఒంటి ఇంజను పస్ మాత్ విమానం, వెంట ఉత్తరాల మూట. రేడియో లేదు. ఉన్నదల్లా గాలికి అడ్డుగా కళ్లద్దాలు, ఓ స్లైడ్ రూల్. ఎంత దూరం వచ్చిందీ, ఇంకెంతసేపు పడుతుందీ ఆ అంకెల బద్దను జరుపుకుంటూ తేల్చుకోవాల్సిందే. వెయ్యి కిలోమీటర్లు పైచిలుకు ఎగిరి, మధ్యాహ్నం రెండు కాకుండానే బొంబాయి జుహూలో దిగారు.

ఇంత అవస్థ ఎందుకంటే, లండన్ టపా 1929 నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాల్లో కరాచీకి వస్తోంది. సముద్రాలు దాటి ఎగిరొచ్చిన ఉత్తరం అక్కడ దిగి బుద్ధిగా రైలెక్కేది! ఆ మిగిలిన దారి కూడా గాల్లోనే దాటించొచ్చని టాటాలను ఒప్పించిన వైమానికుడు నెవిల్ విన్సెంట్. బొంబాయిలో టపా అందుకుని మద్రాసు దాకా నడిపిందీ ఆయనే.

అయితే చీకటి పడితే దారి చూపే దీపాలు లేవు. అందుకే రాత్రికి బళ్లారిలో మజిలీ. బళ్లారి అనగానే తెలుగువాళ్లకు నటుడు రాఘవ గుర్తొస్తారు గానీ, దేశపు తొలి విమాన టపాల్లో ఒకటి నిద్ర చేసింది కూడా ఆ ఊళ్లోనే. మద్రాసు చేరింది మర్నాడు. తర్వాతి ఏళ్లలో హైదరాబాద్ కూడా ఈ దారిలోకి వచ్చింది.

జుహూలో ఉన్నది బురదనేల. వానాకాలం అక్కడ విమానం దించడం కుదరక, పుణె యరవాడకు మకాం మార్చేవారు. అయినా మొదటి ఏడాదంతా టపా ఒక్కసారీ ఆలస్యం కాలేదని ప్రభుత్వ పౌర విమానయాన శాఖే మెచ్చుకుంది. ఇప్పటి ప్రయాణికులకు ఈ మాట నమ్మబుద్ధి కాకపోవచ్చు.

1982లో అదే తేదీన, 78 ఏళ్ల వయసులో, టాటా మళ్లీ కరాచీ నుంచి బొంబాయికి చిన్న లెపర్డ్ మాత్ విమానం నడుపుకుంటూ వచ్చారు. అప్పటికి రెండు ఊళ్ల మధ్య దేశ సరిహద్దు పడి 35 ఏళ్లు.

కరాచీ నుంచి చెన్నైకి గీత గీస్తే సుమారు 1,900 కిలోమీటర్లు. జెట్ విమానానికి రెండున్నర గంటల పని. కానీ నేరుగా వెళ్లే విమానం లేదు. 2025 ఏప్రిల్‌లోనైతే రెండు దేశాలూ పరస్పరం గగనతలాన్నే మూసేసుకున్నాయి. చెన్నైలో ఎక్కినవాళ్లు ముందు నాలుగు గంటలకు పైగా పడమటికి ఎగిరి దుబాయ్‌లో దిగాలి. అక్కడ విమానం మారి, వచ్చిన దిక్కుకే తిరిగి రెండు గంటలు వెళ్లాలి. మొత్తం 4,000 కిలోమీటర్ల పైమాటే. వీసా చేతికి రావడానికి పట్టే రోజులు ఈ లెక్కలో లేవు.