పార్కిన్సన్స్ మాత్ర ఎప్పుడు, అన్నం ఎప్పుడు?

పార్కిన్సన్స్ వ్యాధిని మన ఇళ్లలో వణుకుడు జబ్బు అంటాం. ఆయుర్వేదం చదివినవారు కంపవాతం అంటారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి వివరంగా రాయడంతో ఆయన పేరే దీనికి నిలిచింది. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గిపోతూ రావడం వల్ల చేయి వణుకుతుంది, అడుగులు చిన్నవవుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, గొంతు సన్నబడుతుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు గానీ తిండి గానీ ఇప్పటికి లేదు. ఫలానా గింజ, ఫలానా రసం తాగితే తగ్గిపోతుందని ఫోన్లలో తిరిగే మాటలు ఎక్కువయ్యాయి కాబట్టి ముందే చెబుతున్నాం.

అయితే తిండికీ ఈ జబ్బుకీ సంబంధం లేదని కాదు. అది మాత్ర వేళలో ఉంది. చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఈ జబ్బుకు ఎక్కువగా రాసే మందు లెవోడోపా. మాత్రలో దానికి తోడుగా కార్బిడోపా కూడా ఉంటుంది. లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం అరిగాక వాటిలోని ప్రోటీన్ నుంచి వచ్చేవీ అమైనో ఆమ్లాలే. చిన్నపేగు గోడ దాటడానికీ, రక్తంలోంచి మెదడులోకి వెళ్లడానికీ లెవోడోపా వాడుకునే దారినే వీటిలో చాలా వరకు వాడుకుంటాయి. అన్నీ ఒకేసారి వచ్చి పడితే తోపులాటే. మాత్ర వేసుకున్నా మెదడుకు చేరేది తగ్గుతుంది, లేదా ఆలస్యమవుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం కడుపులో ఎక్కువసేపు నిలవడం వల్ల కూడా మాత్ర పేగులోకి ఆలస్యంగా దిగుతుంది.

మధ్యాహ్నం ముద్దపప్పు, చివర్లో పెరుగన్నం తిని, వెంటనే మాత్ర వేసుకున్న పెద్దాయన మూడింటికి కుర్చీలోంచి లేవలేకపోతారు. మందు పని చేయడం లేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కొందరు మోతాదు పెంచమని అడుగుతారు, కొందరు మాన్పించేస్తారు. లెవోడోపాను ఉన్నట్టుండి ఆపితే ఒళ్లంతా బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదకు రావచ్చు. మాత్రను నిందించే ముందు దాన్ని దేనితో వేస్తున్నామో చూడాలి.

సాధారణంగా భోజనానికి అరగంట ముందు గానీ, తిన్నాక గంట నుంచి రెండు గంటలు ఆగి గానీ, మంచినీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపున వికారం వస్తే గుప్పెడు మరమరాలు, అరటిపండు ముక్క లాంటివి చాలు. పాలు వద్దు. మాత్రను నలిపి పెరుగన్నంలో కలిపి పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది మానాలి. పైగా నెమ్మదిగా కరిగే రకం మాత్రలను అసలు నలపకూడదు. మందుల షాపులో కవరు మీద అలవాటుగా 'ఊటద నంతర' అనో 'సాప్పాట్టుక్కుప్ పిన్' అనో రాసి ఇచ్చినా, ఈ ఒక్క మాత్ర విషయం డాక్టరును మళ్లీ అడగండి. రక్తహీనతకు ఐరన్ మాత్ర వాడుతుంటే రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ లెవోడోపాను పట్టేసుకుంటుంది.

జబ్బు కొత్తగా వచ్చినవారిలో ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. ఏళ్లు గడిచి, మాత్ర ప్రభావం రోజులో ఎక్కువ తక్కువలవుతున్నవారిలో బాగా తెలుస్తుంది. అలాంటివారికి పప్పు, గుడ్డు, చేప లాంటివి ఎక్కువగా రాత్రి భోజనానికి మార్చి, పగలు అన్నం, కూరగాయలతో నడిపించమని కొందరు డాక్టర్లు చెబుతారు. మార్చడమే, మానేయడం కాదు. ఈ జబ్బులో బరువు తగ్గడం మామూలే, ప్రోటీన్ కూడా ఆపితే కండ కరిగిపోతుంది. మాత్ర ఎన్ని గంటలకు, ఏం తిన్నారు, ఎప్పుడు బిగుసుకున్నారు అన్నవి ఒక వారం పాటు కాగితం మీద రాసి తీసుకెళ్తే, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్ద ఆసుపత్రిలోనైనా, ఊళ్లో డాక్టరు దగ్గరైనా వేళలు సరిచేయడం సులువవుతుంది.

మలబద్ధకం ఈ జబ్బుతోనే వస్తుంది, కొందరిలో వణుకుకు ఏళ్ల ముందే మొదలవుతుంది. రాగి సంకటి, తోటకూర, బీరకాయ, జామపండు, సరిపడా నీళ్లు మేలు. రాత్రి లేవాల్సిన పని తగ్గాలంటే నీళ్లు పగలే ఎక్కువగా తాగించాలి. వాసన తెలియక తిండి చప్పగా అనిపిస్తే అల్లం, నిమ్మరసం, కొత్తిమీర వాడండి, ఊరగాయతో సరిపెట్టకండి. తింటూ దగ్గు వస్తున్నా, మింగాక గొంతు గరగరమన్నా వెంటనే చూపించాలి. అలాంటివారికి పలుచని చారు అన్నం కష్టం, మెత్తగా చిక్కగా కలిపిన ముద్దే నయం.

కాఫీ సంగతి తరచూ అడుగుతారు. హవాయిలోని జపాన్ సంతతి పురుషులపై 2000లో వెలువడిన అధ్యయనంలో కాఫీ తాగేవారికి ఈ జబ్బు తక్కువగా వచ్చినట్టు తేలింది. కానీ జబ్బు వచ్చాక కెఫీన్ ఇచ్చి చూసిన పరీక్ష 2017లో వెలువడింది, అందులో కదలికలు మెరుగుపడలేదు. అలవాటున్న ఫిల్టర్ కాఫీ తాగవచ్చు, మాత్రతో కలిపి మాత్రం వద్దు.

ఇక దూలగొండి. తమిళంలో పూనైక్కాలి, కన్నడంలో నసుగున్ని, మరాఠీలో ఖాజకుయిలి అంటారు. దీని గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని గింజల నుంచి వేరుచేశారు. ప్రమాదమూ అక్కడే ఉంది. చెంచా పొడిలో ఎంత మందు ఉందో ఎవరూ చెప్పలేరు. మాత్రతో పాటు అదీ వేసుకుంటే మోతాదు మించి వాంతులు, ఆపుకోలేని మెలికల కదలికలు, లేవగానే కళ్లు తిరిగి పడిపోవడం జరగవచ్చు. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా ఆ పొడి డబ్బాను కూడా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.