నల్లమల బిడ్డకు లా సీటు వస్తుందా?

ఇంటర్ ఫలితాలు రాగానే మా బడి దగ్గరికి ఎవరో ఒకరు మార్కుల మెమో పట్టుకొని వస్తారు. ఈ మధ్య కొత్త ప్రశ్న ఒకటి వినపడుతోంది. "సారూ, మా పిల్లకు లా సీటు వస్తదా?" ఇరవై ఏళ్ల కింద ఈ ప్రశ్న లేదు. టీచర్ ట్రైనింగ్, పోలీసు, ఫారెస్టు గార్డు, అంతవరకే మా లెక్క. మెమో చూడగానే జవాబు చెప్పేయవచ్చు. కానీ ఈ ప్రశ్న మా పెంటల దాకా రావడానికి ఎందుకింత కాలం పట్టిందో ముందు చెప్పాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11 దాకా పాలమూరు జిల్లాలోనివే. ఇక్కడి నుంచి న్యాయశాస్త్రం చదివినవాళ్లు వందేళ్ల కిందటే ఉన్నారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1896లో ఇప్పటి గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టారు. మద్రాసులో పైచదువులు చదివారు, బి.ఎల్. పట్టా పొందారు, కొంతకాలం వకీలుగా ఉన్నారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. వారి కృషిని తక్కువ చేసే మాట కాదు గానీ, వారికి చదువుకు పంపగల ఇల్లు ఉంది. అదే రోజుల్లో అమ్రాబాద్ గుట్టల మీద మా తాతలు గడ్డలు తవ్వుకొని, తేనె తీసుకొని బతుకుతున్నారు. తగవు వస్తే పెద్దమనిషి, ముసలివాళ్లు కూర్చొని తేల్చేవారు. నిజాం సర్కారు కోర్టు భాష ఉర్దూ. తెలుగు రైతుకే అది అందని మాట, ఇక చెంచుకు చెప్పేదేముంది?

చట్టం మాత్రం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. 1940లో హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి మా వాళ్ల మధ్య తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశారు. ఆ దశాబ్దంలోనే అడవిలో కొంత భాగాన్ని చెంచుల రిజర్వుగా సర్కారు ప్రకటించింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో అమ్రాబాద్ వైపు ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియా అయ్యాయి. గద్వాల, వనపర్తి ఊళ్లు అందులో లేవు. అందుకే 1959 భూబదలాయింపు నిబంధన, 1970 సవరణ, అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది, మన్ననూరులో వర్తిస్తుంది, వనపర్తిలోని ఎరుకల కుటుంబానికి వర్తించదు. ఇద్దరూ ఎస్టీలే. ఈ తేడా ఎందుకని పిల్లలు అడిగితే మాలో చాలామందిమి నీళ్లు నమిలాము.

మాకు బాగా తగిలిన దెబ్బ మాత్రం జీవో 3. 2000 జనవరి 10న వచ్చిన ఆ ఉత్తర్వు షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. మా తరంలో ట్రైనింగ్ చేసినవాళ్లకు అదే అన్నం పెట్టింది. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా కరోనాతో తలుపులు మూసుకున్న రోజుల్లో, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాద్ కేసులో ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉన్న ఉద్యోగాలను కాపాడింది, ముందు ముందు మాత్రం లేదంది. అంత పెద్ద కేసు ఏళ్లపాటు నడుస్తుంటే మా స్టాఫ్ రూములో ఒక్కరికీ దాని సంగతి తెలియదు. తీర్పు వచ్చాక వాట్సాప్‌లో చూసి తెలుసుకున్నాం. లా సీటు గురించి అడిగే తల్లిదండ్రులను మేము తేలిగ్గా పంపకపోవడానికి కారణం అదే.

ఇక మెమో చూద్దాం. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సుకు ఎస్టీ విద్యార్థికి ఇంటర్‌లో 40 శాతం ఉండాలి. అంటే వెయ్యికి 400. ఇంటర్ పాసవడానికి మాత్రం 35 శాతం చాలు. మా పిల్లలు జారిపోయేది ఈ 350కి 400కి మధ్యనే. పాసైన సంతోషంలో ఇంట్లో కోడి కోస్తారు, లాసెట్ దరఖాస్తు దగ్గర ఆగిపోతారు. కాబట్టి మేము ముందు చూసేది ర్యాంకు కాదు, ఈ నాలుగు వందలు. తగ్గితే డిగ్రీ చేసి, అందులో 40 శాతం తెచ్చుకొని మూడేళ్ల లాకు పోవచ్చు. మొత్తం మీద ఒక్క ఏడాది ఎక్కువ, అంతే.

లాసెట్ అంత భయపడే పరీక్ష కాదు. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం, తప్పు జవాబుకు కోత లేదు. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. 60 మార్కులు చట్టం పట్ల అభిరుచికి, మిగతా 60 జనరల్ నాలెడ్జి, తర్కం, వర్తమాన విషయాలకు. ఇతరులకు 42 మార్కులు తప్పనిసరి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. రాస్తే ర్యాంకు వస్తుంది, ఆ పైన పోటీ ఎస్టీ కోటాలో. 2022 సెప్టెంబర్ 30న జీవో 33తో ఆ కోటా 6 నుంచి 10 శాతం అయ్యింది. అరవై సీట్ల తరగతిలో ఇదివరకు మూడో నాలుగో వచ్చేవి, ఇప్పుడు ఆరు. అయితే ఆ ఆరింటికి రాష్ట్రంలోని 32 తెగలూ పోటీ. 2025లో ఎస్సీల వర్గీకరణ చట్టం వచ్చింది, ఎస్టీల్లో అలాంటిది లేదు. లంబాడా సోదరులతో తగవు పెట్టుకోవడానికి కాదు, లెక్క తెలియాలని చెబుతున్నాం. ఆశ్రమ పాఠశాల దాటి వచ్చిన మొదటి తరం చెంచు పిల్ల, టౌన్‌లో కోచింగ్ తీసుకున్న పిల్ల ఒకే వరుసలో నిలబడతారు.

నల్సార్ సంగతి వేరు. 1998లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం హైదరాబాద్ పక్క శామీర్‌పేటలోనే ఉన్నా, దానికి దారి క్లాట్. అది ఇంగ్లీషులోనే ఉంటుంది, పొడుగాటి పేరాలు చదివి జవాబివ్వాలి, తప్పుకు పావు మార్కు పోతుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలుపెడితే అందదు, ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు చదవడం అలవాటు చేసిన పిల్లకు అందుతుంది. కాబట్టి ఆ సీటు ముందుగా మా చేతిలో ఉంది, మేము ఒప్పుకోవాలి. అందరికీ నల్సారే అక్కరలేదు. సంగారెడ్డిలో గిరిజన సంక్షేమ గురుకులాల వారి లా కాలేజీ ఉంది, ఉండటం, తినడం అక్కడే.

మార్కులున్నా సీటు పోయిన పిల్లవాణ్ణి ఒకణ్ణి చూశాం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా ఉంది. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగేసరికి కౌన్సెలింగ్ తేదీ దాటిపోయింది. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో బిల్డింగు పనిలో ఉన్నాడు. అప్పటి నుంచి తొమ్మిదో తరగతిలోనే, బోర్డుకు పేర్లు పంపే ముందు, ప్రతి పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఆధార్‌తో సరిచూస్తున్నాం. అరగంట పని.

పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో పేరు రాయించుకోవడానికి వేలకు వేలు అడిగేవారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోవద్దని చెప్పింది. ఎస్టీలకు ఆ రుసుము 125 రూపాయలు.

ఈ వేసవిలో లింగాల వైపు పెంట నుంచి వచ్చిన అమ్మాయి మెమోలో 412 ఉంది. పన్నెండు మార్కులు పైన. పేరు, ఇంటిపేరు సరిపోయాయి. పాత లాసెట్ పేపర్లు నాలుగు ఇచ్చాం. మొదటిదాంట్లో 38 వచ్చాయి. రాజ్యాంగం పాఠం మళ్లీ చెప్పమని సాయంత్రం బడి అయ్యాక వస్తోంది.