కల్లెడ పిల్ల పరుగు

2024 మే 20. జపాన్‌లోని కోబె నగరం. ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో మహిళల 400 మీటర్ల టీ20 ఫైనల్. స్టార్టింగ్ బ్లాకుల మీద పాదాలు బిగించి వంగిన అమ్మాయిల్లో ఒకామె వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చింది. పేరు జీవంజి దీప్తి. వయసు ఇరవై.

తుపాకీ పేలింది.

ఈ పందెంలో ఎవరి లేన్ వాళ్లదే. మలుపు తేడా సరిచేయడానికి బయటి లేన్ల వాళ్లను ముందుకు జరిపి నిలబెడతారు. అందుకే సగం దూరం పోయినా ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో పరిగెత్తేవాళ్లకే సరిగా తెలియదు. ఆఖరి మలుపు తిరిగి తిన్నటి దారిలో పడ్డాకే అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి ఊపిరి అందదు, తొడలు బరువెక్కుతాయి. మొదట్లోనే బలమంతా ఖర్చుచేసిన వాళ్లు అక్కడ కూలబడతారు. ఎంత దాచుకోవాలి, ఎక్కడ తీయాలి అన్న లెక్క తప్పితే కాళ్లలో ఎంత సత్తువున్నా లాభం లేదు.

ఆ రోజు లెక్క తప్పలేదు. దీప్తి గీత దాటేసరికి గడియారం మీద 55.07 సెకన్లు. రెండో స్థానంలో టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్, 55.19. ఇద్దరి మధ్య మీటరు ఎడం కూడా లేదు. అంతకు ముందు ఏడాది పారిస్‌లో అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పెట్టిన ప్రపంచ రికార్డు 55.12. తేడా సెకనులో వందకు ఐదు వంతులు. ఆ వేగంలో అది జానెడున్నర నేల.

ఆ జానెడున్నరతో కల్లెడ పిల్ల ప్రపంచ చాంపియన్ అయింది, ప్రపంచ రికార్డు చేతికొచ్చింది. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లు పరుగెత్తే విభాగం. ఏ లోపం పేరు చెప్పి ఊరు ఆ పిల్లను పక్కకు నెట్టిందో, ఆ లోపాన్ని నిపుణులు కొలిచి, రాసి, సంతకం పెట్టాకే ఆమె ఈ గీత మీద నిలబడగలిగింది. ఈ గాథలో అసలు మలుపు అదే.

గ్రహణం మాట

దీప్తి సూర్యగ్రహణం వేళ పుట్టిందని తల్లి చెబుతుంది. రికార్డుల్లో ఉన్న పుట్టినరోజు 2003 సెప్టెంబర్ 27. ఆ రోజు గ్రహణమేదీ లేదు. బడి రికార్డు తేదీలూ ఇంట్లో చెప్పుకునే లెక్కలూ కలవకపోవడం మన ఊళ్లలో మామూలే. పుట్టినప్పుడు తల చిన్నగా ఉంది. పెదవులు, ముక్కు కొంచెం వేరుగా ఉన్నాయి. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని తరాలుగా నమ్మిన చోట ఆ ముఖం చూడగానే కారణం దొరికిపోయింది. గ్రహణానికీ మేధో వైకల్యానికీ ఏ సంబంధమూ లేదని చెప్పేవాళ్లు అక్కడ లేరు.

పిచ్చిది అన్నారు. కోతి అన్నారు. ఎక్కడైనా అనాథాశ్రమంలో ఇచ్చేయమని చుట్టాలు కొందరు సలహా ఇచ్చారు. తల్లిదండ్రులు ఇవ్వలేదు.

అప్పటికే ఇల్లు కష్టంలో ఉంది. తాత పోయాక ఉన్న పొలం అమ్ముకోవాల్సి వచ్చింది. తండ్రికి రోజుకు వందో, నూటయాభయ్యో దొరికేది. అది చాలక తల్లి కూడా కైకిలికి పోయేది. దీప్తి తక్కువ మాట్లాడేది, తన మానాన తను ఉండేది. వాడకట్టు పిలగాండ్లు వెక్కిరించిన రోజున మాత్రం ఏడుస్తూ ఇంటికొచ్చేది. తల్లి పోయి ఎవరితోనూ కొట్లాడలేదు. పొయ్యి మీద తియ్యటి అన్నం వండిపెట్టేది. చేతిలో నాలుగు పైసలుంటే కోడికూర. పిల్ల తిని నవ్వేది. ప్రపంచ రికార్డు వచ్చాక విలేకరులు ఇంటిముందు వాలినప్పుడు ఆ తల్లి తలచుకున్నది ఈ సంగతే. కష్టాలన్నీ చెప్పి, వాటి పక్కనే ఆ తియ్యటి అన్నాన్నీ చెప్పింది.

పీఈటీ సారు, బస్సు చార్జీ

కల్లెడలో రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ నడిపే బడి ఉంది. అక్కడి పీఈటీ సారు కంట్లో దీప్తి పరుగు పడింది. పాఠం అందుకోవడంలో వెనకబడిన పిల్ల మైదానంలో అందరికంటే ముందుంటోంది. చాలా బళ్లలో ఈ రెండు సంగతుల్లో మొదటిదే లెక్కకొస్తుంది. ఆ సారు రెండోదాన్ని పట్టుకున్నారు, పోటీలకు తీసుకెళ్లారు. అప్పట్లో ఆమె పరుగెత్తింది ఏ వైకల్యమూ లేని అమ్మాయిల పక్కనే.

రాష్ట్రస్థాయి పోటీల్లో ఆ పరుగును ఇంకొకరు చూశారు. ఆయన నాగపురి రమేశ్. స్ప్రింటర్ ద్యుతీ చంద్‌కు శిక్షణ ఇచ్చిన కోచ్, 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న మనిషి. అలాంటాయన పిల్లను హైదరాబాద్ పంపమని అడిగితే ఏ తల్లిదండ్రులైనా ఎగిరి గంతేస్తారనుకుంటాం. కల్లెడ ఇంట్లో ముందుగా లేచిన ప్రశ్న బస్సు చార్జీ. అది కూడా చేతిలో లేదు. ఇంతదాకా ఒంటరిగా ఎక్కడికీ పోని పిల్ల, పట్నంలో తన మాట ఎవరికి అర్థమవుతుందన్న బెంగ దానికి తోడు. కోచ్ వదల్లేదు. పిల్ల హైదరాబాద్ చేరింది.

దీప్తికి శిక్షణ అంటే ఒక పక్క ఒళ్లు, ఇంకో పక్క గుర్తు. ఇవాళ చెప్పింది రేపటికి నిలవాలంటే మళ్లీ చెప్పాలి, చేసి చూపాలి, మళ్లీ చేయించాలి. 400 మీటర్లలో ఎక్కడ తగ్గాలో ఎక్కడ పెంచాలో మాటలతో వివరించి ఊరుకుంటే సరిపోదు. కాళ్లకే అలవాటైపోయేదాకా తిప్పాల్సిందే.

సంతకం పెట్టించిన పరీక్ష

ఈ దశలో మరో తెలుగు చాంపియన్ కథలోకి వస్తాడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్. మైత్రా సంస్థతో కలిసి ఆయన నడిపిన కార్యక్రమం ద్వారా అథ్లెట్లకు తోడ్పాటు అందేది. దీప్తిని చూసిన ఆయన, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థలో పరీక్షలు చేయించమని సూచించారు. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న కేంద్ర సంస్థ అది. పరీక్షల్లో మేధో వైకల్యం ఉన్నట్టు తేలింది. పారా పోటీలకు దారి తెరుచుకుంది.

ఆ దారి ఎందుకంత ఇరుకో తెలియాలంటే 2000 సిడ్నీ పారాలింపిక్స్ దాకా వెళ్లాలి. మేధో వైకల్య విభాగం బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని పన్నెండు మందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. జట్టులో ఆడిన పాత్రికేయుడొకరే గుట్టు విప్పాడు. కాలు లేని సంగతి కంటికి కనబడుతుంది, మేధో లోపం కనబడదు. ఆ సందులోంచి మోసం దూరింది. దాంతో మేధో వైకల్య క్రీడాకారులందరినీ పారాలింపిక్స్ నుంచి పక్కనపెట్టారు. చేసిన తప్పు పదిమందిది. తలుపు మూసింది ప్రపంచమంతటి క్రీడాకారులకు. మళ్లీ తెరిచింది 2012 లండన్‌లోనే.

అప్పటినుంచి పరీక్షలు గట్టివయ్యాయి. ఐక్యూ 75 లేదా అంతకు తక్కువ ఉండాలి. రోజువారీ పనులు సొంతంగా చక్కబెట్టుకోవడంలో ఇబ్బంది ఉండాలి. ఇవి ఎదిగే వయసులోనే మొదలయ్యాయని రుజువుండాలి. ఆ లోపం ఆటలో అడ్డొస్తోందా లేదా అన్నదీ నిపుణులు విడిగా చూస్తారు. దీప్తి ఇవన్నీ దాటి 2022లో మొరాకో గ్రాండ్ ప్రీలో తన వర్గీకరణ తెచ్చుకుంది. అక్కడే 400 మీటర్లలో స్వర్ణం కూడా కొట్టింది.

ఊళ్లో పిచ్చిదన్న మాటకు ఏ కొలతా లేదు. కొలత లేని ముద్రను ఎవరూ పరీక్షకు పెట్టలేరు, కాదనలేరు. వర్గీకరణ పత్రం మాత్రం ఈ పిల్లకు ఇంతమేర ఇబ్బంది ఉంది, కాబట్టి ఈ వరుసలో నిలబడి పోటీ పడవచ్చు అని చెప్పింది. అదే లోపం ఇక్కడ చోటు ఇచ్చింది.

పొలం తిరిగొచ్చింది

2023 అక్టోబర్. చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా పారా క్రీడలు. దీప్తి 56.69 సెకన్లలో స్వర్ణం గెలిచి ఆసియా రికార్డు రాసింది. బహుమతి సొమ్ముతో ఆ కుటుంబం చేసిన పని, ఏనాడో అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనడం. చార్జీలకు డబ్బుల్లేక తటపటాయించిన ఇంటికి పిల్ల పరుగు భూమి తెచ్చిపెట్టింది.

ఆ తర్వాత ఏడు నెలలకే కోబెలో ప్రపంచ రికార్డు. రికార్డు చేతిలో ఉన్నవాళ్ల మీదే అందరి కళ్లూ పడతాయి. పారిస్ పారాలింపిక్స్‌లో హీట్స్ నాడే ఓండర్ 54.96 పరుగెత్తి ఆ రికార్డును లాగేసుకుంది. 2024 సెప్టెంబర్ 3 రాత్రి ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ 55.16తో స్వర్ణం, ఓండర్ 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం. కోబె పరుగు ఇక్కడా వచ్చి ఉంటే స్వర్ణమే. పారిస్‌లో రాలేదు. ఆటలో ఇది నిత్యం జరిగేదే, దీనికి సాకు వెతకనక్కర్లేదు. మేధో వైకల్యం ఉన్న భారత క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన తొలి వ్యక్తి ఆమే అయింది. ఆ క్రీడల్లో మన దేశానికి వచ్చిన 29 పతకాల్లో అదొకటి.

తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్ రమేశ్‌కు 10 లక్షలు. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున అవార్డు. అదే ఏడాది ఢిల్లీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఓండర్ వెనక రజతం. అక్కడ దీప్తి సమయం 55.16. పారిస్‌లో స్వర్ణం గెలిచిన సమయం అదే.

మన్ననూర్ నుంచి చూస్తే

నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూర్‌లో కూచుని చదివితే ఈ కథలో పతకాల కంటే బస్సు చార్జీ దగ్గరే చూపు ఆగుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే బండ్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అడుగుపెట్టేది ఈ ఊరి చెక్‌పోస్టు దాటాకే. రాత్రయితే గేటు పడుతుంది. చెంచుల బాగోగులు చూసే ఐటీడీఏ ఉన్నదీ ఇక్కడే. ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునే పిల్లలకు, అడవి లోపలి చెంచు పెంటల నుంచి వచ్చే పిల్లలకు జిల్లా పోటీలంటేనే ఒక ప్రయాణం. రాష్ట్ర పోటీలైతే చెప్పనక్కర్లేదు. కల్లెడ ఇంటి ఇబ్బంది వీళ్లకు కొత్త కాదు.

ఇక చదువులో వెనకబడిన పిల్ల సంగతి. మన దగ్గర ఇలాంటి పిల్లలకు వైకల్య సర్టిఫికెట్ ఇప్పిస్తారు. ఇల్లు దాన్ని పింఛను కాగితంగా చూస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఆ పింఛను అవసరమే. కానీ ఆ పిల్ల పరుగెత్తుతుందా, గుండు విసురుతుందా, దూకుతుందా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. ఆ ప్రశ్న వేయాల్సింది పీఈటీ. టీ20లో పరుగుతోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా ఉన్నాయి. ఆ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే అంతర్జాతీయ పోటీలకు కుదరదు. సికింద్రాబాద్ సంస్థలాంటి చోట పూర్తి పరీక్షలు జరగాలి, ఆపైన క్రీడా వర్గీకరణ జరగాలి. ఈ దారి ఒకటుందని తెలిసిన టీచరు ఉంటే సగం పని అయినట్టే.

దీప్తి కాళ్లలో వేగం చిన్నప్పటినుంచీ ఉంది. దాన్ని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినవి వేరు: అమ్మ ఆమెను వదిలేయకపోవడం, పీఈటీ సారు మైదానం వైపు చూడడం, కోచ్ పట్టు వదలకపోవడం, సమయానికి జరిగిన పరీక్ష. వీటిలో ఏదీ కోట్ల ఖర్చు కాదు. కోటి రూపాయలు పతకం వచ్చాక వస్తాయి, రావాలి కూడా. పతకానికి ముందు కావలసింది ఒక బస్సు టికెట్టు, హాస్టల్లో ఒక మంచం, పరీక్ష చేయించి తీసుకొచ్చే ఒక మనిషి. నాగర్‌కర్నూల్ జిల్లా కూడా వీటిని ఇవ్వగలదు. ఇస్తే వచ్చే చాంపియన్ ఏ పెంట నుంచి వస్తుందో ఇప్పుడే చెప్పలేం. ఇవ్వకపోతే మాత్రం, అలాంటి పిల్ల మన మధ్య ఉన్నట్టు కూడా మనకు తెలియదు.